శాండో బనియను పేరు వెనుక మనిషి

బట్టల కొట్టుకు వెళ్ళి చేతుల్లేని బనియను కావాలంటే కొట్టువాడు శాండో బనియను తీసి ముందు పెడతాడు. నాట్లకు నీరు కట్టే రైతు, బస్తాలు మోసే హమాలీ, అరుగు మీద కూర్చుని పేపరు చదివే పెద్దాయన అందరి ఒంటి మీదా అదే ఉంటుంది. రోజూ నోట నలిగే ఈ శాండో అన్న మాట ఒక మనిషి పేరు. వందేళ్ళ కిందట కన్నుమూసిన ఒక వస్తాదు పేరు మీదనే ఈ బనియనుకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆయన యూజీన్ శాండో.

కండలు చూపించి డబ్బు సంపాదించిన వాళ్ళు ఆయనకు ముందూ ఉన్నారు, తరువాతా ఉన్నారు. శాండో చేసిన పని వేరు. బలం అనేది సర్కసు డేరాలోనో, సాముగరిడీలోనో కొద్దిమందికి దక్కేది కాదనీ, గుమాస్తా అయినా గృహిణి అయినా తన ఇంటి గదిలో, చిన్న పరికరంతో, రోజుకు పావుగంటా ఇరవై నిమిషాలు శ్రమిస్తే ఒళ్ళు గట్టిపడుతుందనీ ఆయన లోకాన్ని ఒప్పించారు. ఇంట్లో వాడుకునే వ్యాయామ పరికరాల వ్యాపారాన్ని పెద్ద ఎత్తున నడిపిన తొలి తరం వారిలో ఆయనే ముఖ్యుడు.

విగ్రహాలు చూసిన పిల్లవాడు

శాండో 1867 ఏప్రిల్ 2న ప్రష్యా దేశంలోని కోనిగ్స్‌బర్గ్ పట్టణంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు కాలినిన్‌గ్రాడ్ పేరుతో రష్యాలో ఉంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ముల్లర్. శాండో అన్నది తరువాత రంగస్థలం కోసం తగిలించుకున్న పేరు.

చిన్నతనంలో తాను బలహీనంగా ఉండేవాడినని ఆయన తన పుస్తకంలో రాసుకున్నారు. పదేళ్ళ వయసులో తండ్రి ఇటలీకి తీసుకువెళ్ళగా అక్కడ ప్రాచీన వీరుల పాలరాతి విగ్రహాలు చూశారట. ఆ కాలపు మనుషులకు అంతటి దేహాలు ఉంటే ఈ కాలపు వారికి ఎందుకు లేవన్న ప్రశ్న ఆ పిల్లవాడిని పట్టుకుందట. కొయ్య బల్ల మీద కూర్చుని చేసే పనులు పెరిగి ఒళ్ళు వంచడం తగ్గిందన్న సమాధానం తండ్రి దగ్గర దొరికిందట. ఈ కథలో ఎంత నిజమో, ఎంత వ్యాపారపు మెరుగో తేల్చడం కష్టం. చరిత్రకారులు కొందరు దీన్ని నమ్మరు. కానీ విగ్రహం వంటి దేహం అన్న ఊహ మాత్రం ఆయనను జీవితాంతం వదలలేదు.

1885 ప్రాంతంలో ఆయన స్వదేశం విడిచిపెట్టారు. నిర్బంధ సైనిక సేవ తప్పించుకోవడానికే వెళ్ళారని చెబుతారు. సర్కసుల వెంట తిరిగి, ఫీట్లు చేసి పొట్టపోసుకున్నారు. ఆ తిరుగుడులో బెల్జియం రాజధాని బ్రస్సెల్సులో ఒక గురువు దొరికాడు. ఆయన అసలు పేరు లుడ్విగ్ డర్లాచర్ అయినా లోకానికి ప్రొఫెసర్ అట్టిలా. అట్టిలా శిక్షణ అంటే బరువులే. ఇనుప గుండ్లు బిగించిన బారుకడ్డీలు ఎత్తించి, రోజురోజుకూ బరువు పెంచుతూ శిష్యుణ్ణి తీర్చిదిద్దాడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తరువాతి కథలో దీనితో పని ఉంది.

లండనులో పందెం

1889లో లండను నగరంలో సాంసన్ అనే వస్తాదు ప్రదర్శనలు ఇస్తుండేవాడు. తన కన్న బలవంతుడు ఎవరైనా వస్తే 500 పౌన్లు ఇస్తానని రాత్రిరాత్రీ వేదిక మీద సవాలు చేసేవాడు. ఆ రోజుల్లో 500 పౌన్లంటే ఒక కుటుంబం కొన్నేళ్ళు సుఖంగా బతికే సొమ్ము. అట్టిలా తన శిష్యుణ్ణి వెంటబెట్టుకుని ఆ సవాలుకు నిలిచాడు.

శాండో దొరబాబులా సూటు వేసుకుని వేదిక ఎక్కారు. బట్టల్లో చూస్తే మామూలు మనిషి. ఎత్తు కూడా ఎక్కువ కాదు, అయిదున్నర అడుగుల పైన కొద్ది అంగుళాలు. జనం నవ్వారు. ఆయన పైబట్టలు తీయగానే నవ్వు ఆగిపోయింది. ముందు సాంసన్ శిష్యుడు సైక్లోప్స్‌ను ఓడించి, నవంబరు 2న సాంసన్‌నే ఓడించారు. గొలుసులు తెంచడంలో, బరువులు ఎత్తడంలో సాంసన్ చేసినవన్నీ చేసి, అతడు చేయలేనివీ చేశారు. మర్నాటి నుంచి లండనులో శాండో పేరు తెలియని వారు లేరు.

నాలుగేళ్ళ తరువాత 1893లో అమెరికా పిలిచింది. చికాగో నగరంలో ప్రపంచ ప్రదర్శన జరుగుతున్న సంవత్సరం అది. వివేకానందస్వామి ప్రసంగించిన సర్వమత మహాసభ కూడా ఆ ప్రదర్శన సందర్భంగానే జరిగింది. అక్కడి ట్రోకడెరో నాటకశాలలో శాండోను ప్రవేశపెట్టినవాడు ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ అనే యువకుడు. శాండో ఎత్తే బరువు కన్న ఎత్తేటప్పుడు ఆయన ఒంటి మీద కదిలే కండలనే జనం కళ్ళార్పకుండా చూస్తున్నారని అతడు కనిపెట్టాడు. అప్పటి నుంచి ప్రదర్శన తీరు మారింది. పాలరాతి విగ్రహంలా నిలబడి, ఒక్కొక్క కండరాన్నీ వేరుగా బిగించి చూపడమే ముఖ్య ఘట్టమైంది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వ్యాయామ శాఖ చూసే డాక్టర్ డడ్లీ సార్జెంట్ ఆయన దేహాన్ని కొలతలు తీసి పరీక్షించారు. తాను చూసిన వారిలో ఇంత పొందికైన దేహం మరొకటి లేదని తేల్చారు. 1894 మార్చి 6న థామస్ ఎడిసన్ స్టూడియోలో శాండో కండల ప్రదర్శనను చలనచిత్రంగా తీశారు. సినిమా అనేది కళ్ళు తెరుస్తున్న రోజులవి. ఒక నిమిషం కూడా లేని ఆ బొమ్మ నేటికీ భద్రంగా ఉంది.

నగుబాటు కూడా తప్పలేదు. అదే సంవత్సరం శాన్‌ఫ్రాన్సిస్కోలో సింహంతో కుస్తీ అని ప్రకటించారు. తీరా చూస్తే సింహం మూతికి చిక్కం, పంజాలకు తొడుగులు. దానికి పోట్లాడే ఉత్సాహమే లేదు. డబ్బిచ్చి వచ్చిన జనం గోల చేశారు. బలం నిజమే అయినా ప్రచారం దాన్ని మించిపోతే ఏమవుతుందో ఆయనకు ఆనాడు తెలిసింది.

ఇంటింటికీ వ్యాయామశాల

ఇంగ్లండు తిరిగి వచ్చాక శాండో దారి మార్చారు. 1894లోనే బ్లాంచ్ బ్రూక్స్ అనే ఆమెను వివాహమాడారు. ఇద్దరు కుమార్తెలు కలిగారు. ఊరూరా తిరిగి ఫీట్లు చేయడం ఎంతకాలమో సాగదని గ్రహించి, 1897లో లండనులో వ్యాయామ విద్యాసంస్థ తెరిచారు. ఆ ఏడే బలం సంపాదించే పద్ధతి మీద పుస్తకం వెలువరించారు. 1898లో మాసపత్రిక మొదలుపెట్టారు.

సంస్థకు రాలేని వారి కోసం పోస్టులో పంపే పరికరాలు తయారుచేయించారు. వాటిలో రెండు పేరెన్నికగన్నవి.

మొదటిది డెవలపర్. సాగే రబ్బరు తాళ్ళు, వాటి కొసలకు చేతిపిడులు. తలుపుకో, గోడకో కొక్కెం బిగించి తగిలించుకోవాలి. పిడులు పట్టుకుని ముందుకూ పక్కకూ లాగితే రబ్బరు వెనక్కి గుంజుతుంది. ఆ గుంజుడును తట్టుకోవడమే వ్యాయామం. పని అయ్యాక మడిచి పెట్టెలో పెట్టుకోవచ్చు. మన పల్లెల్లో కుర్రాళ్ళు పాత సైకిలు ట్యూబును కిటికీ ఊచకు కట్టి లాగుతుంటారే, సూత్రం అదే.

రెండవది స్ప్రింగు డంబెల్. మామూలు డంబెల్ ఒకే ఇనుప ముక్క. శాండో దాన్ని నిలువునా రెండు చెక్కలు చేసి మధ్యలో ఉక్కు స్ప్రింగులు పెట్టించారు. పిడికిలి గట్టిగా బిగించి రెండు చెక్కలనూ దగ్గరకు నొక్కి ఉంచి చేతులు ఆడించాలి. పట్టు సడలితే చెక్కలు విడిపోతాయి. అంటే మనసు పక్కకు పోయిందని పరికరమే చెప్పేస్తుంది. బలం పెరిగేకొద్దీ స్ప్రింగులు ఒక్కొక్కటే చేర్చుకోవాలి. కొన్నవారికి గోడకు తగిలించుకునే పటం ఒకటి ఇచ్చేవారు. ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేయాలో అందులో ఉండేది.

చెయ్యి ఎత్తి దించడం ముఖ్యం కాదు, ఆ కండరం మీద మనసు నిలిపి చేయడం ముఖ్యం అన్నది ఆయన బోధనలో కీలకం. అందుకే అద్దం ముందు చేయమనేవారు. చివర చన్నీళ్ళ స్నానం చేయమనేవారు. తిండి విషయంలో వింత నియమాలు పెట్టలేదు. మితంగా తింటే చాలన్నారు.

నడుమే స్తంభం

శాండో బొమ్మ చూసినవారి కన్ను ముందు భుజాల మీదకు పోతుంది. కానీ ఆయన పద్ధతిలో నడుముకు, పొట్టకు పెద్దపీట ఉంది. వెల్లకిలా పడుకుని, చేతుల్లో డంబెల్స్ పట్టుకుని, నడుము పైభాగం ఎత్తి లేచి కూర్చోవడం ఒకటి. పడుకునే కాళ్ళు రెండూ కలిపి పైకి ఎత్తి దించడం ఒకటి. నిలబడి పక్కలకు వంగడం ఒకటి. మన దండీల వంటివి ఒకటి. 1907లో ఆయన లండనులో మందులు లేకుండా వ్యాయామంతోనే నడుము నొప్పి, అజీర్ణం, మలబద్ధకం వంటి బాధలకు చికిత్స చేసే సంస్థ కూడా నడిపారు. అన్ని రోగాలూ వ్యాయామంతో పోతాయన్న ఆయన ప్రకటనలు అతిశయమే. నడుము విషయంలో మాత్రం ఆయన చెప్పినది చాలావరకు నిలిచింది.

పొట్ట ముందున్న కండరాలు, పక్కల కండరాలు, వెన్నుకు అటూ ఇటూ ఉన్న కండరాలు, తుంటి కండరాలు కలిసి నడుము చుట్టూ బిగించిన తువ్వాలులా పనిచేస్తాయి. వడ్ల బస్తా ఎత్తే ముందు హమాలీ నడుముకు తువ్వాలు ఎందుకు బిగిస్తాడో అందరికీ తెలుసు. ఆ తువ్వాలు పని లోపల ఈ కండరాలు చేస్తాయి. అవి సడలితే బరువంతా వెన్నుపూసల మీద పడుతుంది. రోజంతా వంగి కలుపు తీసే స్త్రీకి సాయంత్రం నడుము పట్టేయడానికి అదొక కారణం. పొలం పని చేసేవారికి వ్యాయామం ఎందుకని అడుగుతారు. పని ఒకే తీరున ఒళ్ళు వంచుతుంది, కొన్ని కండరాలనే అలుపెక్కిస్తుంది. వ్యాయామం మిగతా వాటిని కూడా లేపుతుంది.

శాండో కాలం నాటి పద్ధతుల్లో ఒక మార్పు వచ్చింది. కాళ్ళు చాచి పడుకుని ఒక్క విసురున లేవడం నడుముకు భారమని ఇప్పటి శిక్షకులు మోకాళ్ళు మడిచి మెల్లగా లేవమంటున్నారు. లేదా మోచేతులు, కాలివేళ్ళు నేలకు ఆనించి, ఒళ్ళంతా పలకలా నిటారుగా కొద్దిసేపు నిలపమంటున్నారు. దానికి పరికరమే అక్కరలేదు. అప్పటికే నడుము నొప్పి ఉన్నవారు, కాన్పయిన స్త్రీలు డాక్టరును అడిగిన తరువాతే మొదలుపెట్టాలి.

దేహాల పోటీ

1901 సెప్టెంబరు 14న లండను రాయల్ ఆల్బర్ట్ హాలులో శాండో పెద్ద పోటీ జరిపించారు. బరువులు ఎత్తే పోటీ కాదు, దేహదారుఢ్య పోటీ. దేశం నలుమూలలా మూడేళ్ళు జిల్లా పోటీలు పెట్టి వడకట్టిన శిష్యులు అందులో నిలిచారు. వేలాది జనం వచ్చారు. న్యాయనిర్ణేతలు ముగ్గురు. ఒకరు శిల్పి సర్ చార్లెస్ లాస్. ఇంకొకరు షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆర్థర్ కోనన్ డాయిల్. మూడవవారు శాండో.

ఎవరి కండ పెద్దదన్నది అక్కడ చూడలేదు. ఒంటి భాగాలన్నీ సమపాళ్ళలో పెరిగాయా, కండరాలు బిగువుగా ఉన్నాయా, ఆరోగ్యం, చర్మపు నిగారింపు ఎలా ఉన్నాయి అన్నవి చూశారు. చేతులు లావై నడుము వదులైనవాడు అక్కడ నెగ్గలేడు. నాటింగ్‌హామ్ నుంచి వచ్చిన ముర్రే ప్రథముడై శాండో ఆకారంలో పోసిన బంగారు బొమ్మ అందుకున్నాడు. వసూలైన సొమ్ము దక్షిణాఫ్రికా యుద్ధ బాధితుల సహాయనిధికి పోయింది. నేటి దేహదారుఢ్య పోటీలన్నిటికీ ఇదే మూలం. మిస్టర్ ఒలింపియా పోటీలో 1977 నుంచి ఇచ్చే బహుమతి కూడా శాండో బొమ్మే.

మన దేశానికి రాక

1904, 1905 సంవత్సరాలలో శాండో దక్షిణాఫ్రికా, భారతదేశం, బర్మా, చైనా, జపాను దేశాలు తిరిగారు. బొంబాయి, కలకత్తా నగరాలలో డేరాలు వేసి ప్రదర్శనలు ఇచ్చారు. తెల్లదొరలతో పాటు భారతీయులూ విరగబడి చూశారు. భారతీయులు బలహీనులన్న మాట దొరల నోట తరచు వినపడే రోజులవి. ఆ మాటకు ఒంటితోనే జవాబు చెప్పాలన్న పట్టుదల దేశంలో అప్పటికే రగులుతోంది. శాండో బొమ్మలు, పుస్తకాలు, డంబెల్స్ ఆ కుర్రాళ్ళ చేతికి వచ్చాయి. తరువాతి కాలంలో బెంగుళూరులో కె.వి.అయ్యర్ వ్యాయామశాల నడిపి, శాండో తరహాలోనే పోస్టు ద్వారా పాఠాలు చెప్పారు. బలశాలికి శాండో అన్న బిరుదు తగిలించడం దక్షిణాదిన వాడుకైంది.

బలం మనకు ఎక్కడి నుంచో దిగుమతి అయిందని అనుకోనక్కరలేదు. అదే కాలంలో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామం నేర్పి, సొంత సర్కసు పెట్టి కలియుగ భీముడనిపించుకున్నారు. శ్రీకాకుళంలో ఆయన పేర స్టేడియం ఉంది. దండీలు, బస్కీలు, సంగిడి రాళ్ళు శాండో పుట్టక ముందు నుంచీ మన ఊళ్ళలో ఉన్నవే. శాండో చేసిందల్లా వ్యాయామాన్ని గురువు ఉన్న చోటి నుంచి గురువు లేని ఇంటికి చేర్చడం.

ఎత్తు, పల్లం

1911లో ఇంగ్లండు రాజు అయిదవ జార్జి శాండోను తన వ్యాయామ ఆచార్యుడిగా నియమించారు. అప్పటికి పరికరాలు, సంస్థలే కాక కోకో పొడి వ్యాపారం కూడా ఆయన పేర నడుస్తోంది. ఆ కోకోయే ముంచింది. 1914లో జర్మనీతో యుద్ధం వచ్చింది. శాండో అంతకు ఎనిమిదేళ్ళ ముందే బ్రిటిషు పౌరుడైనా పుట్టుక జర్మనుదే కదా అని జనం ముఖం చాటేశారు. 1916లో కోకో కంపెనీ దివాలా తీసింది. ఆయన సంపాదించిన దానిలో చాలా భాగం దానితోనే పోయింది.

ఆయన మీద మరొక ఆక్షేపణ కూడా ఉంది. అట్టిలా దగ్గర బరువైన గుండ్లు ఎత్తి కండలు పెంచిన మనిషి, జనానికి తేలికపాటి డంబెల్స్, రబ్బరు తాళ్ళు అమ్మి అవి వాడితే తనలా అవుతారన్న ఆశ పెట్టారని తోటి వస్తాదులే తప్పుపట్టారు. ఆ మాటలో నిజం ఉంది. రబ్బరు తాడు లాగి ఎవరూ శాండో కాలేరు. అయితే ఆ తాడు లాగినవారిలో చాలామందికి శాండో కావలసిన అవసరమూ లేదు. వంగిన వీపు నిలబడితే, సడలిన పొట్ట బిగిస్తే, మెట్లెక్కినప్పుడు ఆయాసం తగ్గితే అదే వారికి పెద్ద లాభం. ఆ లాభం మాత్రం క్రమం తప్పని వారికి దక్కింది. పెట్టెలో పెట్టి మరచినవారికి డబ్బు దండుగైంది.

శాండో 1925 అక్టోబరు 14న లండనులో కన్నుమూశారు. వయసు 58 ఏళ్ళు. గోతిలో పడిన మోటారు కారును ఒంటరిగా ఎత్తబోయి మెదడులో నరం చిట్లిందని పత్రికలు రాశాయి. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం ఉబ్బి పగలడమే కారణమని రికార్డు. ఎంత దారుఢ్యమున్నా లోపలి జబ్బు పైకి కనిపించదు. కండలున్నాయి కదా అని వైద్య పరీక్ష మానుకునేవారు ఈ సంగతి ఆలోచించాలి.

పట్నీ వేల్ శ్మశానంలో ఆయనను పూడ్చారు. కుటుంబంలో మనస్పర్థలు ఉండేవంటారు. సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. విగ్రహం కావాలని కలగన్న మనిషికి డెబ్భై ఏళ్ళకు పైగా ఒక గుర్తు రాయి దక్కలేదు. 2002లో ఒక అభిమాని రాయి పెట్టించారు. 2008లో ఆయన వంశీకుడొకరు దాని స్థానంలో పెద్ద బండరాయి నిలిపించారు. దాని మీద శాండో అన్న పేరు ఉంది.

ఆ రాయి లేని రోజుల్లో కూడా ఆయన పేరు మన బట్టల కొట్లలో, దండేల మీద ఆరే బనియన్లలో వినపడుతూనే ఉంది. ఈనాడు టీవీల్లో, ఫోన్లలో పొట్ట తగ్గించే బెల్టులనీ, చక్రాలనీ, స్ప్రింగులనీ వేల రూపాయల పరికరాలు అమ్మజూపుతున్నారు. చాలావాటికి పెద్దన్నలు శాండో పెట్టెలోనివే. కొనే ముందు ఆయన కథ ఒకసారి తలచుకుంటే చాలు. పరికరం ఇంటికి చేరితే సరిపోదు. రోజూ పావుగంట దాని దగ్గరకు మనిషి చేరాలి. అలా చేరే ఓపిక ఉంటే పాత సైకిలు ట్యూబు, కింద పరుచుకునే చాప కూడా నడుము నిలబెడతాయి.